సైన్స్ శ్లేషల బొమ్మ కార్డులు: తరగతిలో ఆడించి చూశాక

ఇంటర్మీడియట్ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించే నేను, సైన్స్ పదాల మీద అల్లిన చిత్రశ్లేషల కార్డుల పెట్టె ఒకటి ఈ మధ్య ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, రెండు వారాల పాటు తరగతి చివరి పది నిమిషాలను దానికే కేటాయించాను. పెట్టెలో 52 కార్డులున్నాయి. ముందువైపు బొమ్మ మాత్రమే ఉంటుంది. వెనుకవైపు జవాబూ, దానికి ఆధారమైన శాస్త్ర విషయమూ ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాల్లో ఉంటాయి. బొమ్మలో దాగిన మాటను పట్టుకోవడమే ఆట.

మొదట తీసిన కార్డులో ఒళ్లంతా కూడిక గుర్తులున్న పిల్లి ఉంది. ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన పరమాణువుకు ధనావేశం వస్తుందని తరగతిలో అందరికీ తెలుసు, పిల్లిని ఇంగ్లీషులో ఏమంటారో అంతకన్నా బాగా తెలుసు, అయినా అయిదు నిమిషాలు ఎవరూ జవాబు చెప్పలేదు. కారణం మన ఉచ్చారణలో ఉంది. ధనావేశమున్న అలాంటి పరమాణువు పేరును మనం ‘కాటయాన్’ అని ఒకే మాటగా పలుకుతాం కాబట్టి అందులో పిల్లి వినపడదు. ‘క్యాట్’ అని ఆగి, ‘అయాన్’ అని మళ్లీ ఎత్తుకుంటేనే వినపడుతుంది. ఒక అమ్మాయి అలా విడదీసి పలికిన క్షణంలో తరగతంతా గొల్లుమంది. నిజానికి 1834లో శాస్త్రవేత్త ఫారడే ఈ పదాన్ని వాడుకలోకి తెచ్చినప్పుడు అందులో పిల్లి లేదు. కిందికి పోయేది అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దాన్ని తీసుకున్నారు. కార్డు వెనుక ఈ సంగతి కూడా రాసి ఉండటం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే నవ్వు అయిపోయాక పదం పుట్టుక మనసులో మిగులుతుంది.

లెక్కల కార్డుల్లో పిజ్జా బొమ్మ అందరికన్నా ముందు తేలిపోయింది. వ్యాసార్థం ‘జెడ్’, మందం ‘ఎ’ అని గుర్తించి ఉన్న ఆ గుండ్రని రొట్టెను స్థూపంగా భావించి ఘనపరిమాణం రాస్తే, పై (π), జెడ్, జెడ్, ఎ అని వరసగా వస్తాయి. కలిపి చదివితే తినే వస్తువు పేరే జవాబు. మట్టి తవ్వుతున్న చిన్న జంతువు మెడలో 6.022 × 10²³ అనే పలక వేలాడుతున్న కార్డు మాత్రం మా పిల్లలకు కొరుకుడు పడలేదు. సంఖ్యను చూడగానే, అన్ని కణాలున్న పదార్థ పరిమాణానికి రసాయనశాస్త్రంలో ఉన్న పేరైన మోల్ అని చెప్పారు గానీ, ఆ జంతువు మన పొలాల్లో కనిపించేది కాదు కాబట్టి దాని పేరు కూడా మోల్ అని తెలియక, అందరూ పందికొక్కు అన్నారు. ఇంగ్లీషులోని బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్లిందని చెప్పడానికి ఆ తప్పు నాకు మంచి అవకాశం ఇచ్చింది.

పెట్టె మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే కార్డు, ఆరు కోతులు ఒకదాన్నొకటి పట్టుకుని వలయంగా ఏర్పడిన బొమ్మ. ఆరు కార్బన్ పరమాణువులుండే బెంజీన్ అనే సమ్మేళనానికి వలయ నిర్మాణాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే 1865లో ప్రతిపాదించాడు. 1886లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు తమ సంఘ పత్రికనే అనుకరిస్తూ, పేరులోని ‘జర్మన్’ అనే మాట స్థానంలో దాదాపు అలాగే ధ్వనించే ‘దాహంగొన్న’ అనే జర్మన్ మాట పెట్టి, ఒక హాస్య సంచిక వేసుకున్నారు. ఈ కోతులు అందులోనివే. పట్టు ఒక బంధం, తోకలు కూడా పెనవేసుకున్న చోట ద్విబంధం. పద్యాన్ని చక్రంగానో నాగుపాముగానో అమర్చే బంధకవిత్వం ఎరిగిన మనకు ఇలాంటి చూపు కొత్త కాదు, కనుకనే ఈ బొమ్మ దగ్గర పిల్లలు తోకలు లెక్కపెడుతూ చాలాసేపు ఉండిపోయారు.

ఇక లోపం గురించి చెప్పాలి, అది చిన్నదని నేను అనుకోను. బెంజీన్ వలయానికి ఇద్దరు డాక్టర్లను తగిలించిన కార్డు ఒకటి ఉంది. పక్కపక్క కార్బన్ల మీద ఉంటే ఆర్థో, ఒకటి వదిలి ఒకటైతే మెటా, ఎదురెదురుగా ఉంటే పారా. డాక్టర్లను ఇంగ్లీషులో ముద్దుగా ‘డాక్స్’ అంటారు కాబట్టి ఎదురెదురు డాక్టర్లు ‘పారాడాక్స్’, అంటే వైరుధ్యం, అవుతారు. ఇంత చక్కని శ్లేషకు వేసిన బొమ్మలో డాక్టర్లు ఒకటో కార్బన్ మీదా మూడో కార్బన్ మీదా ఉన్నారు. అది మెటా స్థానం. స్థానం మారితే ఈ శ్లేషలో ఏమీ మిగలదు, పైగా సరిగ్గా ఆలోచించిన విద్యార్థే తప్పు చెప్పినవాడవుతాడు. మా తరగతిలో ఒక అబ్బాయి ‘మెటా’ అని గట్టిగా అన్నాడు, వెనుక జవాబు చదివాక తన తప్పే అనుకుని తల వంచుకున్నాడు. అచ్చు వేసే ముందు రసాయనశాస్త్రం తెలిసినవారు ఒక్కరైనా చూసి ఉండవలసింది.

జవాబులన్నీ ఇంగ్లీషు ధ్వని మీదే నడుస్తాయి కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివినవారికి పక్కన ఒకరు ఉండి అందించడం అవసరం. రెండో వారంలో పిల్లలు తమంతట తామే తెలుగు కార్డులు గీయడం మొదలుపెట్టారు. చారు గిన్నెలో మునిగిన పాదం పాదరసం అయింది. గాలికి ఎగురుతున్న పొడవైన జడ జడవాయువు అయింది. దేనితోనూ కలవవని పేరుపడ్డ ఈ వాయువుల్లో ఒకటైన జెనాన్‌తో 1962లో సమ్మేళనం తయారు కావడంతో ‘జడ’ అనే మాట పూర్తిగా సరిపోదని తేలిన సంగతి ఆ బొమ్మ పక్కనే రాయించాను. డాక్టర్ల కార్డు మీద తెల్లకాగితం అంటించి, తల వంచుకున్న ఆ అబ్బాయి చేతే రెండో డాక్టరును నాలుగో కార్బన్ మీద గీయించి, పెట్టెలో తిరిగి పెట్టించాను.