మా వంటింట్లో 11 సంక్రాంతులు తిరిగిన వెట్ గ్రైండరు

2014 డిసెంబరులో, సంక్రాంతి సెలవులకు నెల రోజుల ముందు, నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో 4,800 రూపాయలకు రెండు లీటర్ల టేబుల్ టాప్ వెట్ గ్రైండరు కొన్నాము. అప్పటి నుంచి అది మా వంటింట్లో 11 సంక్రాంతులు చూసింది. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు, పండుగ వారంలో రోజుకు మూడు నాలుగు వాయిలు తిరిగింది. కొత్తలో ఏ వస్తువైనా బాగానే కనిపిస్తుంది కాబట్టి, బెల్టు తెగి, రాళ్లు అరిగి, మోటారు ఒకసారి మొరాయించి మళ్లీ దారికి వచ్చిన తరువాతే దీని గురించి రాయాలనుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం గ్రైండర్లన్నిటి కట్టుబడి దాదాపు ఒకటే కనుక, నేను చెప్పే మంచిచెడ్డలు ఏ కంపెనీ సరుకుకైనా చాలావరకు వర్తిస్తాయి.

మా ఇంట్లో మామూలుగా ఉండేది నలుగురం. జనవరి రెండో వారం వచ్చేసరికి హైదరాబాదు నుంచి ఆడపడుచు వాళ్లు, బెంగళూరు నుంచి మరిది వాళ్లు, బడి సెలవులకు పిల్లలు అందరూ చేరి పద్నాలుగు మందిమి అవుతాము. భోగి నాడు తలంట్లు అయ్యాక దోసెలు, సంక్రాంతి నాడు పొంగలి, బొబ్బట్లు, కనుమ నాడు నాటుకోడి కూరలోకి మినప వడలు. ఒంగోలు దగ్గరి పల్లెలో పుట్టిన మా అత్తయ్య వాటిని గారెలంటారు, నెల్లూరులో పుట్టిన నేను వడలంటాను. పేరు ఏదైనా కనుమ నాడు మినుము తినాలన్న మాట మాత్రం ఇద్దరికీ ఒకటే. పద్నాలుగు మందికి, ఇరుగుపొరుగుకు పంపే గిన్నెలకు కలిపి ఆ ఒక్క పూటకే రెండు కిలోల పప్పు నానబోస్తాము.

గ్రైండరు రాకముందు ఆ రెండు కిలోలనూ అత్తయ్య తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పెరట్లోని రుబ్బురోటిలో రుబ్బేవారు. మోకాళ్ల నొప్పులు మొదలైన తరువాత రెండేళ్లు మిక్సీతో నెట్టుకొచ్చాము. ఆ రెండేళ్ల వడలు తినడానికి బాగానే ఉన్నా, చల్లారితే గట్టిపడేవి, విరిస్తే లోపల అచ్చు ముద్దలా కనిపించేది. దీనికి కారణం ఉంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పప్పును కోస్తుంది. ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది, వేడెక్కకుండా నీళ్లు పోస్తే జారవుతుంది. గ్రైండరులో రెండు నల్లరాళ్లు పప్పును నెమ్మదిగా నలుపుతూ, తిరిగిన ప్రతి చుట్టులోనూ కాస్త గాలిని పిండిలోకి మడిచి పెడతాయి. మినపప్పులోని జిగురు, మాంసకృత్తులు ఆ గాలిని పట్టి ఉంచుతాయి కాబట్టే పిండి పొంగి తెల్లబడుతుంది. రుబ్బురోలు చేసే పని కూడా ఇదే. చేతి శ్రమ లేకుండా రోటి పిండిని ఇస్తుందా అన్నదే ఈ యంత్రాన్ని నేను అడిగిన ప్రశ్న. మినుము వరకు ఇస్తుంది, ఆ విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

కనుమ తెల్లవారుజామున జరిగే పని కాస్త వివరంగా చెబుతాను. పొట్టు మినపప్పును నాలుగు గంటలు నానబెట్టి, రెండు అరచేతుల మధ్య నలిపి, పొట్టు తేలిన నీళ్లను వంపుతూ అయిదారు సార్లు గాలిస్తాము. పొట్టు మొత్తం పోవాలని పట్టుబట్టము, అక్కడక్కడ నల్లచుక్క మిగిలితేనే రుచి అని అత్తయ్య మాట. ముందు గ్రైండరు తిప్పి, రాళ్లు తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడుగా పప్పు వేయాలి. అంతా ఒక్కసారి కుమ్మరించి స్విచ్చి వేస్తే రాళ్లు పట్టేస్తాయి. మొదటి అయిదు నిమిషాలు పలుకులు చితికే గరగర వినిపిస్తుంది. పది నిమిషాలకు ఆ చప్పుడు మెత్తబడి, పిండి రాళ్ల వెంట తాడులా సాగుతుంది. అప్పుడు పక్కన పెట్టుకున్న కుండ నీళ్లలో వేళ్లు ముంచి చిలకరించాలి, గ్లాసుతో పోయకూడదు. అరకిలో పప్పుకు నాకు పట్టే నీళ్లు చిన్న టీ గ్లాసుడు మాత్రమే. ఇరవై నిమిషాలు దాటాక పిండి డ్రమ్ము గోడను వదిలి, మధ్యలో దూదిపింజెలా లేచి నిలబడుతుంది. ఒక గోలీ అంత తీసి గిన్నెడు నీళ్లలో వేస్తే మునగకుండా తేలాలి. మునిగితే ఇంకో మూడు నిమిషాలు తిప్పాలి. ఉప్పు ముందే వేస్తే పిండి నీరు వదులుతుంది కనుక, వడలు తట్టబోయే ముందు అల్లం, పచ్చిమిరప, మిరియాలతో కలిపి వేస్తాము.

రెండు లీటర్ల గ్రైండరు అన్నంత మాత్రాన రెండు కిలోల పప్పు పడుతుందని ఎవరూ అనుకోవద్దు. ఆ లెక్క పిండిది, పప్పుది కాదు. అరకిలో పప్పు సుఖంగా నలుగుతుంది, ముప్పావు కిలో వేస్తే పొంగిన పిండి అంచుకు ఎక్కి మూతకు అంటుకుంటుంది. అంటే కనుమ నాడు నాలుగు వాయిలు, మధ్యలో మోటారు చల్లారడానికి పావుగంట చొప్పున విరామం, అన్నీ కలిపి రెండు గంటలకు పైనే పడుతుంది. నాలుగున్నరకు మొదలుపెడితే ఏడు గంటలకు మూకుట్లో మొదటి వడ పడుతుంది. చప్పుడు గురించి కూడా చెప్పాలి. మిక్సీ వేస్తే వీధి చివరికి వినిపిస్తుంది, ఇది పక్క గదిలో నిద్రపోతున్న పిల్లలను లేపదు. పండుగ ఇంట్లో అది చిన్న సుఖం కాదు. మోటారు 150 వాట్లది కాబట్టి అరగంట వాయికి యూనిట్‌లో పదో వంతు కూడా కాలదు.

దోసెలు, ఇడ్లీల విషయంలో చలికాలం వేరే చిక్కు తెస్తుంది. మా నెల్లూరు చలి వణికించేది కాదు గాని, జనవరి తెల్లవారుజామున మంచు పట్టి 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు 30 డిగ్రీల వెచ్చదనం హాయి. వేసవిలో ఎనిమిది గంటల్లో పొంగే పిండి సంక్రాంతి రోజుల్లో పన్నెండు, పద్నాలుగు గంటలు అడుగుతుంది. గ్రైండరు పిండి చల్లగా ఉంటుంది కనుక మిక్సీ పిండి కన్నా ఇంకాస్త ఆలస్యం చేస్తుంది. దీన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. చలి నెలల్లో చివరి పది నిమిషాలు చన్నీళ్లకు బదులు గోరువెచ్చని నీళ్లు చిలకరించి, చేత్తోనే కలిపి, గిన్నెను బియ్యం డబ్బాలో సగం దాకా పూడ్చి, పైన గోనెసంచి కప్పుతాము. ఇది అత్తయ్య నేర్పిన పద్ధతి. భోగి దోసెలకు పిండిని ముందురోజు మధ్యాహ్నమే రుబ్బితే తప్ప తెల్లవారేసరికి అందదు. ఇడ్లీకి ఒకటికి రెండు పాళ్లు రవ్వ కలపడం మా లెక్క. గ్రైండరు పిండికి మాత్రం రెండుంపావు వేసినా ఇడ్లీ దూదిలాగే వస్తుంది, ఎందుకంటే పిండి అంత పొంగుతుంది. వారానికి రెండుసార్లు ఇడ్లీ వేసే ఇంట్లో ఈ పొదుపు కనిపిస్తుంది.

ఇక ఇది చేయలేని పనులు. 2018 సంక్రాంతికి అరిసెలకు కిలోన్నర బియ్యం నానబెట్టి, నీళ్లు వార్చి, గుడ్డ మీద ఆరబెట్టాను. తడి పొడిగా ఉన్న ఆ బియ్యాన్ని పిండి మరకు తీసుకెళ్తే మర మూసి ఉంది. గ్రైండరు ఉంది కదా అని, నీళ్లు చుక్క వేయకుండా అందులో పోశాను. రెండు నిమిషాలు రాళ్లు జారుతూ తిరిగాయి, బియ్యం అంచులకు ఎగబాకి అక్కడే నిలిచిపోయింది. తరువాత డ్రమ్ము ఆగిపోయి, మోటారు మాత్రం గుయ్యిమంటూ, కాలిన రబ్బరు వాసన వచ్చింది. స్విచ్చి తీసి డ్రమ్ము ఎత్తితే కింద బెల్టు ఒకవైపు మాడి నున్నగా మెరుస్తోంది. మా వారు ఆ బియ్యాన్ని స్కూటరు మీద స్టోన్‌హౌస్‌పేట మరకు తీసుకెళ్లి ఆడించుకొచ్చారు. బెల్లం పాకం పట్టి, పిండి కలిపి, అరిసెలు నూనెలో వేసేసరికి రాత్రి తొమ్మిదయింది. తప్పు నాదే, యంత్రానిది కాదు. ఇది తడి పనికి చేసిన యంత్రం, అరిసెల పిండికి మరో, రోకలో తప్ప మార్గం లేదు.

కొద్దిపాటి పనికీ ఇది పనికిరాదు. దోసె మీద పూసే ఎర్రకారం గుప్పెడు కావాలంటే ఎండుమిరప, వెల్లుల్లి, ఉల్లిపాయ రాళ్ల కిందికి చేరకుండా అంచున తిరుగుతూ ఉంటాయి. పావుకిలోకు తక్కువ ఏది వేసినా అంతే. అందుకే పచ్చళ్లకు, ఎర్రకారానికి మిక్సీ కొనసాగుతోంది, రుబ్బురోలు పెరట్లోనే ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి మా వీధికి రెండు రోజులు కరెంటు లేనప్పుడు, నానిన పప్పును కాపాడింది ఆ రోలే. గ్రైండరుతో పాటు ఇచ్చిన కొబ్బరి కోరుడు పరికరం మాత్రం నేను అనుకున్న దానికన్నా బాగా పనికొచ్చింది, పండుగకు ఆరేడు కాయలు కోరడం దానితోనే. చపాతీ పిండి కలిపే కొక్కెం రెండుసార్లు వాడి అటక మీద పెట్టాను.

మరమ్మతుల లెక్క ఇదీ. బెల్టు మూడుసార్లు మార్చాము, చివరిసారి 180 రూపాయలయింది. 2020లో డ్రమ్ము తిరగకుండా మోటారు మూలుగుతుంటే కెపాసిటరు మార్చాల్సి వచ్చింది. పిండిని గోడ నుంచి గీకే తెల్ల ప్లాస్టిక్ పలక ఆరేళ్లకు అరిగి, పిండి గోడకు పేరుకోవడం మొదలైంది. ఆ చిన్న ముక్క కోసం కంపెనీ సర్వీసు కేంద్రం నెలన్నర తిప్పించింది, ఈ పదకొండేళ్లలో నాకు నిజంగా కోపం వచ్చిన సందర్భం అదొక్కటే. రాళ్లు 2023 నాటికి నున్నబడి, ఇరవై నిమిషాల పని ముప్పై అయిదు నిమిషాలు పట్టసాగింది. రోళ్లకు కక్కు కొట్టే మనిషిని పిలిస్తే, ఇంత చిన్న రాతికి ఉలి పెడితే పెచ్చు లేస్తుందని ఆయన తాకనే లేదు. కొత్త రాళ్ల జత కొని వేశాము. కొత్త రాళ్లు వేసినప్పుడల్లా, గ్రైండరు కొత్తగా కొన్నప్పుడూ, ముందు గుప్పెడు నానిన బియ్యం రుబ్బి పారబోయాలి. ఆ పిండి బూడిద రంగులో వస్తుంది, రెండోసారికి తెల్లబడుతుంది. ఆ రాతి పొడిని తినకూడదు.

కడగడంలో ఒకటే జాగ్రత్త. డ్రమ్ము అడుగును పొడిగుడ్డతో తుడిచి, కాసేపు బోర్లించి ఆరనిచ్చి గాని మోటారు మీద పెట్టకూడదు. మేము మొదటి రెండేళ్లు తడితోనే పెట్టి, లోపలి ఇరుసుకు తుప్పు తెచ్చుకున్నాము. ఈ ఊరి గాలిలో సముద్రపు తేమ ఎక్కువ కనుక ఇనుము త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు కొనేవాళ్లకు నేను చెప్పేది, ఇంట్లో పెద్దవాళ్లు రుబ్బే పని చూస్తుంటే వంచి పిండి తీసుకునే రకం తీసుకోండి. మాది డ్రమ్మును పైకి ఎత్తి తీయాల్సిన రకం, రాళ్లతో కలిపి ఆ బరువు అత్తయ్య చేతులకు ఎక్కువ, అందుకే ఆవిడ రుబ్బగలిగినా దించడానికి నన్ను పిలవాల్సి వస్తుంది. 2005-06లో భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు గ్రైండరు అని అమ్మేవాళ్లంతా చెబుతారు. ఆ మాట కన్నా, విడి రాళ్లు, బెల్టు, గీకే పలక మన ఊళ్లో ఏ దుకాణంలో దొరుకుతాయో ముందే అడిగి చూసుకోవడం ముఖ్యం. ముగ్గురు నలుగురు ఉండే ఇంట్లో, అప్పుడప్పుడు దోసె పిండికే అయితే లీటరుంపావుది చాలు. పండుగకు బంధువులు చేరే ఇంటికి రెండు లీటర్ల కన్నా తక్కువది వద్దు.

మా గ్రైండరును ఈ డిసెంబరు మొదటి ఆదివారం విప్పి, ఇరుసుకు గ్రీజు పెట్టించి, బెల్టు బిగువు చూపించాము. విడి బెల్టు ఒకటి వంటింటి సొరుగులో ఉంది. కనుమకు రెండు కిలోలు చాలవని, ఆడపడుచు కూతురి అత్తగారి వాళ్లు కూడా వస్తున్నారని నిన్ననే ఫోను వచ్చింది. ఈసారి అయిదు వాయిలు, నాలుగు గంటలకే మొదలుపెట్టాలి.