స్కీ టూరింగ్ బ్యాగు: 20 లీటర్లదా, 30 లీటర్లదా?

ఒక్క రోజు స్కీ టూరుకు, అంటే మంచుకొండను స్కీల మీద సొంతంగా ఎక్కి దిగివచ్చే యాత్రకు, 20 లీటర్ల బ్యాగు సరిపోతుందా, 30 లీటర్లది తీసుకోవాలా అన్న ప్రశ్న చలికాలం మొదలయ్యేసరికి తప్పకుండా వినబడుతుంది. నాలుగేళ్లు చిన్నదాన్నే మోసి, గత సీజనులో పెద్దదానికి మారినవాణ్ణి కనుక రెండింటి గురించీ అనుభవంతో చెప్పగలను.

చిన్న బ్యాగు పక్షాన చెప్పవలసింది నిజంగానే ఉంది. అది వీపును అంటిపెట్టుకుని ఉంటుంది; దిగేటప్పుడు మలుపు తిరిగిన ప్రతిసారీ బరువు పక్కకు ఊగి మనిషిని లాగదు. చోటు తక్కువ కాబట్టి అక్కర్లేని వస్తువులు ఇంట్లోనే ఉండిపోతాయి. వసంతకాలంలో తెల్లవారుజామున బయలుదేరి రెండు మూడు గంటల్లో ఎక్కి దిగివచ్చేవారికి ఇంతకన్నా హాయి లేదు.

అయితే నడి చలికాలంలో లోపల పెట్టుకోవలసినవి ఒకసారి లెక్కపెట్టి చూడండి. మంచులో కూరుకుపోతే మన జాడ తెలిపే ట్రాన్స్‌సీవర్ ఎలాగూ ఒంటి మీదే ఉంటుంది. పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), ఆగినప్పుడు వేసుకునే మందపాటి జాకెట్, ఇంకో జత గ్లౌజులు, నీళ్లు, తిండి, ప్రథమ చికిత్స సామగ్రి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగును బిగించే పనిముట్లు, హెడ్‌ల్యాంపు, ఇవి కాక శిఖరం చేరాక ఊడదీసిన తడి స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు). ఇవన్నీ 20 లీటర్లలో పడతాయి, కానీ కుక్కి కుక్కి పెడితేనే పడతాయి. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

నా దృష్టిలో బ్యాగు ఎంపికను తేల్చవలసింది బరువూ కాదు, లీటర్లూ కాదు. పార ఎంత త్వరగా చేతికి వస్తుందన్నదే. మంచు చరియ కింద కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది నిమిషాల్లో ఎక్కువగా ఉండి, ఆ తర్వాత నిట్టనిలువునా పడిపోతుంది. వెతకడం, ప్రోబ్‌తో గుచ్చి చూడడం, తవ్వడం అన్న మూడు పనుల్లో సాధారణంగా తవ్వడానికే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, జిప్పు దగ్గర పోగొట్టుకునే ప్రతి క్షణమూ ఆ మనిషి ఊపిరిలోంచి పోతున్నట్టే లెక్క.

చిన్న బ్యాగుల్లో పార, ప్రోబ్ లాంటి పనిముట్లకు వేరే అర ఉన్నా, ప్రధాన అరను కిక్కిరిసేలా నింపితే ఆ ఒత్తిడి అడ్డుగుడ్డ మీదుగా దీనిలోకి వస్తుంది. ఒక శిక్షణ రోజున నా పాత బ్యాగుతో ఇదే జరిగింది. గ్లౌజులతోనే జిప్పు తెరిచి పార రేకు పట్టుకుని లాగితే, దాని అంచు కుట్టుకు తగులుకుని కదలలేదు. చివరికి జాకెట్ బయటికి తీస్తే గానీ అది ఊడిరాలేదు. ఆ జాకెట్ కాస్తా వాలు మీద జారిపోయింది. అదే సామాను 30 లీటర్ల బ్యాగులో సర్దితే ఒక్క లాగుతో రేకు, ఇంకో లాగుతో పిడి వచ్చాయి. అలాగని పెద్దదైతే చాలని కాదు: వేరే అర లేని 30 లీటర్ల బ్యాగు కన్నా, వెడల్పుగా నోరు తెరిచే అర ఉన్న 20 లీటర్లది నయం. కొనే ముందు మీ సొంత పారా ప్రోబూ తీసుకువెళ్లి, బ్యాగు నిండా సామాను పెట్టి, గ్లౌజులు వేసుకుని తీసి చూడండి.

స్కీలను బ్యాగుకు ఏటవాలుగా కట్టుకోవడం త్వరగా అయ్యే పని. చెరో పక్కన కట్టి పైన కలిపితే బరువు సమంగా పడుతుంది, కానీ నిటారు వాలు ఎక్కేటప్పుడు వాటి తోకలు మడమలకు తగులుతాయి. స్నోబోర్డును నిలువుగా కట్టుకునేవారు పట్టీల పొడవు చూసుకోవాలి. వీపు వైపు తెరుచుకునే బ్యాగులంటే నాకు ఇష్టం: మంచులో బోర్లా పడుకోబెట్టి తెరవవచ్చు కాబట్టి వీపుకు ఆనే భాగం పొడిగా ఉంటుంది, అడుగున ఉన్న గ్లౌజుల కోసం అన్నీ బయట పరచనక్కర్లేదు. నీటి గొట్టం ఏర్పాటును పట్టించుకోకండి; చలికి గొట్టం గడ్డకడుతుంది, సీసాయే మేలు.

చరియలో చిక్కుకున్నప్పుడు ఉబ్బి మనిషిని మంచు పైభాగాన ఉంచడానికి తోడ్పడే ఎయిర్‌బ్యాగు ఉన్నవాటిని ఈ పోలికలో కలపలేను, ఎందుకంటే అవి ప్రాణరక్షణ పరికరాలు. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, చరియల్లో తీవ్రంగా చిక్కుకున్నవారి మరణాల రేటు ఎయిర్‌బ్యాగు ఉబ్బినప్పుడు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గినట్టు తేలింది. అయితే దాదాపు ఐదుగురిలో ఒకరికి అది ఉబ్బనే లేదు. తీసుకునేవారు ఆ యంత్రాంగం కొన్ని లీటర్ల చోటు మింగుతుందని గుర్తుంచుకుని, 30 కన్నా తగ్గకుండా చూసుకోవాలి.

మామూలు బ్యాగైతే నా ఓటు 28 నుంచి 30 లీటర్లదానికే. సామాను తక్కువగా ఉన్న రోజున పక్క పట్టీలు పూర్తిగా బిగిస్తే అది కూడా చిన్నదానిలాగే వీపును అంటిపెట్టుకుని ఉంటుంది. కాకపోతే ఆ పట్టీలు పనిముట్ల అర జిప్పు మీదుగా పోకుండా ఉండాలి.