కిడ్నీ రాయి నొప్పికి అల్ట్రాసౌండ్ స్కానింగా, సీటీనా: ఏది మేలు?

"స్కానింగ్‌లో రాయి కనపడలేదన్నారు, నొప్పి మాత్రం పోలేదు. మొదటే సీటీ తీయిస్తే సరిపోయేదా?" ఎండాకాలం వచ్చిందంటే తెలిసినవాళ్లంతా నన్ను ఇదే అడుగుతారు. పోయిన నెల మా బావమరిదికీ అర్ధరాత్రి నడుం పక్కన మొదలై గజ్జల్లోకి పాకే నొప్పి వచ్చింది. ముందు స్కానింగే, అంటే అల్ట్రాసౌండే, చేయించమన్నాను.

రాయిని పట్టుకోవడం ఒక్కటే చూస్తే సీటీకి తిరుగులేదు. రెండు మూడు మిల్లీమీటర్ల రాయి కూడా, మూత్రనాళంలో ఎక్కడున్నా దొరికిపోతుంది. ఇంజెక్షన్ అక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది. అదే అల్ట్రాసౌండ్‌లో మూత్రనాళం మధ్య భాగం సరిగ్గా కనపడదు, పేగుల్లోని గ్యాస్ అడ్డొస్తుంది. అందుకే రిపోర్టులో రాయి కనపడలేదని రాసినంత మాత్రాన రాయి లేదనుకోకూడదు.

అయినా నా ఓటు ముందు స్కానింగ్‌కే. ఆ రాత్రి అన్నిటికంటే ముందు తెలియాల్సింది కిడ్నీ వాచిందా లేదా అన్నది. మూత్రం కిందికి దిగే దారి మూసుకుంటే కిడ్నీ ఉబ్బుతుంది, ఆ వాపు అల్ట్రాసౌండ్‌లో బాగా తెలుస్తుంది. రిపోర్టు చేతికి రాగానే 'హైడ్రోనెఫ్రోసిస్' అన్న మాట వెతకండి, ఈ వాపునే అలా రాస్తారు. మా బావమరిదికి రాయి కనపడలేదు గానీ ఎడమ కిడ్నీ కొద్దిగా వాచింది. చిన్న రాయి దిగుతున్నట్టుందని డాక్టర్ గారు నొప్పికి మందులిచ్చారు, నాలుగో రోజు రాయి పడిపోయింది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు ఇలాగే పోతాయి. ఒక్క జాగ్రత్త: యూరిన్ బాగా బిగబట్టి ఉంటే కిడ్నీ కాస్త వాచినట్టు కనపడొచ్చు. వెళ్లొచ్చాక మళ్లీ ఒకసారి చూడమని అడగండి.

అమెరికాలో 15 ఆస్పత్రుల్లో 2,759 మందితో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ముందు అల్ట్రాసౌండ్ చేయించుకున్నవాళ్లకి ప్రమాదమేమీ పెరగలేదు, వాళ్లలో సగానికి పైగా మందికి తర్వాత సీటీ అవసరమే పడలేదు. రాళ్లేమో మళ్లీ మళ్లీ వచ్చేవి. పాతికేళ్ల కుర్రాడికి నొప్పి వచ్చినప్పుడల్లా సీటీ తీస్తే ఎంత రేడియేషన్ పోగవుతుందో ఆలోచించండి.

జ్వరం, చలి ఉన్నా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, నొప్పి మందులకి లొంగకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, సీటీకి వెనకాడొద్దు. ఆపరేషన్‌కి ముందు రాయి కొలతలకీ సీటీయే. యాభై దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే నేనూ సీటీ వైపే మొగ్గుతాను. పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బినా నొప్పి అచ్చం ఇలాగే ఉండొచ్చు. గర్భిణులకి మాత్రం ముందు స్కానింగే.

ఇక ఎక్స్‌రే అంటారా, అందులో యూరిక్ యాసిడ్ రకం రాళ్లు కనపడవు. ముందే తెలిసిన రాయి కదిలిందా అని చూడ్డానికి పనికొస్తుంది, అంతే.

సీటీ రాస్తే లో డోస్‌లో, అంటే తక్కువ రేడియేషన్‌తో, తీయొచ్చేమో అడగండి. రాయి కోసమైతే చాలామందికి అది సరిపోతుంది.