బండలు మార్చడానికి పర్మిషన్ ఖర్చెంత? టీఎస్-బీపాస్‌పై ఒక మాట

నల్గొండలోనైనా, పాలమూరులోనైనా పాత గచ్చు తీసి గ్రానైటో తాండూరు బండలో వేయించాలంటే ఎస్టిమేటులో "పర్మిషన్ ఖర్చు" అనే గీత ఉండాల్సిన పని లేదు. గచ్చు వేయడం, మార్చడం పర్మిట్ అక్కర్లేని పనులని కట్టడాలకు దేశమంతటి నమూనా నియమావళి అయిన నేషనల్ బిల్డింగ్ కోడే అంటుంది. ఆ పేరుతో ఎవరైనా డబ్బులడిగితే రసీదు అడగండి, మాట మారుతుంది.

గోడ కూల్చినా, గది పెంచినా, పైన అంతస్తు వేసినా లెక్క వేరు. అక్కడ ఇంటి అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం మెచ్చుకోదగ్గదే. 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. చిక్కల్లా ఆ ధ్రువీకరణలోనే: కొలత తప్పు రాస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) టేపుతో కొలిచాకే నింపండి.

అనుమతి అక్కర్లేదని పై అంతస్తులో పాత గచ్చు మీదే కొత్తది పరిచేయకండి. 20 మి.మీ. గ్రానైటు చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు, కింద 40 మి.మీ. మాలు మరో 80 పైనే. పది-పన్నెండు అడుగుల గదికి టన్నున్నర అదనం! ఇళ్ల స్లాబుకు లెక్కగట్టే వాడకపు బరువే (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 200 కిలోలు. పైగా తలుపులు అడుగున రాసుకుంటాయి, ఆ అంతస్తుకు ఎక్కే మెట్లలో చివరిది మిగతావాటికన్నా ఎత్తవుతుంది. పాత గచ్చు చెక్కించే కూలి దండగ కాదు.