విటమిన్ డీ3 స్టాండర్డ్: పొడి తూచుకోవడమా, యాంప్యూల్ ద్రావణమా? ఏది మేలు?

పాలల్లో, నూనెల్లో కలిపిన డీ3ని హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం)పై కొలిచే ల్యాబులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. స్టాండర్డ్ అంటే శాంపిల్‌ను పోల్చి కొలవడానికి వాడే, ఎంతుందో ముందే తెలిసిన డీ3. పొడి సీసా కొని మనమే తూచి స్టాక్ (చిక్కటి మూల ద్రావణం) చేసుకోవాలా, సర్టిఫికెట్‌తో సిద్ధంగా వచ్చే యాంప్యూల్ (చిన్న గాజు గొట్టంలో మూసిన ద్రావణం) కొనాలా? మిల్లీగ్రాము ధర చూస్తే పొడే చవక. కానీ కొన్న పొడిలో ఎంత వాడతామో, ఎంత పారబోస్తామో చూస్తే ఆ లెక్క నిలవదు.

ముందు తూకం సంగతి. మామూలుగా 10 మిల్లీగ్రాములు తూచి 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఇథనాల్‌తో మార్కు దాకా నింపుతారు. అంటే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. యూఎస్ ఫార్మకోపియా తూకపు నియమం ప్రకారం నాలుగు దశాంశ స్థానాల (0.1 మిల్లీగ్రాము దాకా చూపే) బ్యాలెన్స్ ఎంత మంచిదైనా దానిపై 82 మిల్లీగ్రాముల కంటే తక్కువ తూచకూడదు. ఐదు స్థానాలదైతే ఆ హద్దు 8.2 మిల్లీగ్రాములు. చాలా చిన్న ల్యాబుల్లో ఉండేది నాలుగు స్థానాలదే. దానిమీద 10 మిల్లీగ్రాములు తూస్తే 0.2 మిల్లీగ్రాము తేడా రావడం వింతేమీ కాదు. అదే 2 శాతం. ఏసీ గాలి, స్టాటిక్, గరిటెకు అంటుకున్న పొడి దీనికి అదనం.

అయినా నా దృష్టిలో ఎంపికను తేల్చేది తూకం కాదు, సీసా మూత తీశాక జరిగేది. డీ3కి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. నైట్రోజన్ కింద మూసి వచ్చిన పొడిని ఒకసారి తెరిచాక, సర్టిఫికెట్‌లోని స్వచ్ఛత అంకెకు మన చేతిలోని పొడికి మధ్య దూరం రోజురోజుకూ పెరుగుతుంది. ఫ్రీజర్ నుంచి తీసి గది వేడికి రాకముందే మూత తిప్పితే పొడి మీద తేమ కూడా చేరుతుంది. ఇక 100 మిల్లీలీటర్ల స్టాక్ నుంచి వర్కింగ్ స్టాండర్డ్‌కు (యంత్రంలోకి పంపే పలచని ద్రావణానికి) తీసేది ఒక్క మిల్లీలీటరు. మిగతా 99 ఫ్రిజ్‌లో పాతబడుతుంటాయి. పారబోయడానికి మనసొప్పక దాన్నే వాడుతూ పోతారు.

దీని ఫలితం ఎటు వైపు వస్తుందో గమనించండి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకారం ఫోర్టిఫై చేసిన పాలల్లో విటమిన్ డీ లీటరుకు 5 నుంచి 7.5 మైక్రోగ్రాములు ఉండాలి. స్టాండర్డ్ 5 శాతం చెడిపోయి, మనం దాన్ని నూరు శాతంగానే లెక్కేస్తే, నిజంగా 4.85 ఉన్న పాలు 5.1 అని రిపోర్టవుతాయి. ఫెయిల్ కావాల్సిన శాంపిల్ పాసవుతుంది. పీక్ (యంత్రం గీసే శిఖరం) ఆకారం బాగుంటుంది, గ్రాఫు సరళరేఖలోనే ఉంటుంది, రీకవరీ (శాంపిల్‌లో తెలిసినంత డీ3 వేసి, అది తిరిగి ఎంత కనబడిందో చూడటం) కూడా నప్పుతుంది, ఎందుకంటే అలా వేసిందీ ఆ స్టాక్‌నే. తప్పు బయటపడే దారే ఉండదు.

మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములున్న 1 మిల్లీలీటరు యాంప్యూల్ తీసుకుంటే, దాన్ని 100కు డైల్యూట్ చేయగానే మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము స్టాండర్డ్ తయారవుతుంది. తూకం లేదు, మిగిలిపోయే స్టాక్ లేదు. నెలకు రెండు మూడు బ్యాచ్‌లు మాత్రమే చేసే ల్యాబుకు యాంప్యూలే మేలని నా గట్టి అభిప్రాయం.

అలాగని యాంప్యూల్‌తో పొరపాట్లు జరగవని కాదు. అందులో చెప్పినదానికంటే కాస్త ఎక్కువే నింపుతారు. కాబట్టి లోపలిదంతా కడిగి ఫ్లాస్కులో పోయకూడదు, కొలిచి 1 మిల్లీలీటరే తీయాలి. ఇథనాల్ ప్రతి డిగ్రీకి దాదాపు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. మైనస్ 20 నుంచి తీసిన వెంటనే పిపెట్ చేస్తే 4 శాతం దాకా ఎక్కువ పడుతుంది. సర్టిఫికెట్‌లో గాఢత 20 డిగ్రీల దగ్గర ఇచ్చి, ఏసీ లేని గదిలో 30 ఉంటే 1 శాతం తక్కువ పడుతుంది. మామూలు మైక్రోపిపెట్ టిప్ నుంచి ఇథనాల్ చుక్కలుగా కారిపోతుంది. గ్యాస్‌టైట్ గాజు సిరంజి వాడండి. తెరిచిన యాంప్యూల్‌ను పారాఫిల్మ్ చుట్టి దాచడం మాత్రం వద్దు. ఇథనాల్ ఆవిరై గాఢత పెరిగిపోతుంది.

మందుల కంపెనీలో ఫార్మకోపియా పద్ధతి ఫలానా రిఫరెన్స్ స్టాండర్డ్ వాడమంటే అదే వాడాలి, అందులో ఎంపిక ఉండదు. రోజూ పదుల శాంపిళ్లు నడిపే చోట, ఐదు స్థానాల బ్యాలెన్స్ ఉంటే పొడి కూడా దండగ కాదు. అయితే ప్రతి స్టాక్ యూవీ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసుకోవాల్సిందే. ఇథనాల్‌లో మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములకు డైల్యూట్ చేసి, 1 సెంటీమీటరు సెల్‌లో 265 నానోమీటర్ల దగ్గర చదివితే 0.48 చుట్టూ రావాలి. 0.45 వస్తే తూకమైనా తప్పు, పొడైనా చెడింది. టాకీస్టెరాల్ లాంటి ఐసోమర్లూ (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపాలు) అక్కడ వెలుతురును పీల్చుకుంటాయి కనుక యూవీ ఒక్కటే చాలదు, హెచ్‌పీఎల్‌సీలో పీక్ స్వచ్ఛత కూడా చూడాలి.

రీఏజెంట్ గ్రేడ్ పొడి స్టాండర్డ్ పనికి రాదు, మెడికల్ షాపు చుక్కల మందు అసలే వద్దు. సర్టిఫై చేసిన పాలపొడి లాంటి మ్యాట్రిక్స్ పదార్థం పద్ధతిని సరిచూసుకోవడానికి, కాలిబ్రేషన్‌కు కాదు.

ఏది కొన్నా ఒక సంగతి మరవొద్దు. వేడి సపోనిఫికేషన్‌లో (క్షారంతో కొవ్వును విడగొట్టేటప్పుడు) శాంపిల్‌లోని డీ3 కొంత, దాని మరో రూపమైన ప్రీవిటమిన్‌గా మారుతుంది. స్టాండర్డ్ ఆ వేడి చూడదు కనుక ఫలితం తక్కువొస్తుంది. అందుకే డీ3కి దగ్గరి రూపమైన డీ2ను ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (శాంపిల్‌తో పాటే అన్ని దశలూ దాటే కొలమానంగా) సపోనిఫికేషన్‌కు ముందే శాంపిల్‌లో వేస్తారు. అదీ దాదాపు అదే వేగంతో మారుతుంది. పాలకు డీ2నే కలిపి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు మాస్ స్పెక్ట్రోమీటరు (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం), అణువులో డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన స్టాండర్డ్ కావాలి. ఆ స్టాండర్డ్ ఎక్కువగా ద్రావణంగానే దొరుకుతుంది.