రోజూ మాత్రా, నెలకో ఇంజెక్షనా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో సైకోసిస్ (నిజమేదో, భ్రమేదో తేడా తెలియని మానసిక స్థితి) నుంచి తేరుకున్నవారికి, జబ్బు తిరగబెట్టడమంటే లేని గొంతులు మళ్లీ వినిపించడం మాత్రమే కాదు. కష్టపడి నిలబెట్టుకున్న పని, పెళ్లి సంబంధం, ఇంట్లోవారి నమ్మకం ఒక్కసారిగా చేజారడం కూడా. అలా తిరగబెట్టకుండా వాడే మందును రోజూ మాత్రగా వేసుకోవాలా, కొన్ని వారాలకోసారి ఇంజెక్షన్‌గా తీసుకోవాలా అన్నదే ప్రశ్న.

ఖర్చు: మాత్రలు సాధారణంగా చవక. ఇంజెక్షన్లలో ఫ్లూఫెనజైన్ వంటి పాతవి చవకే, పాలిపెరిడోన్ వంటి కొత్తవి ఖరీదు.

శ్రమ: మాత్ర ప్రతిరోజూ గుర్తుండాలి. ఇంజెక్షన్‌కు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ప్రయాణం చేయాలి. బరంపురం దాకా వెళ్లవలసినవారికి ఆ రోజు కూలి పోతుంది.

ముప్పు: మాత్ర మానేసిన సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు, ఇంజెక్షన్ తప్పితే వెంటనే తెలుస్తుంది. అయితే మందు వల్ల వణుకు, కండరాల బిగువు వస్తే డాక్టరు మాత్ర మోతాదును త్వరగా తగ్గించగలరు. ఒంట్లోకి ఎక్కిన ఇంజెక్షన్ వారాల తరబడి ఉంటుంది.

అసలు చిక్కు మనసుది. "మాత్ర వేసుకున్నావా?" అని రోజూ అడిగించుకోవడం కొందరికి అవమానం, వారికి ఇంజెక్షన్ విముక్తి, మరికొందరికి అదే సూది తమ మీద ఇతరుల పెత్తనం. ఇంటివారు ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది. తనకు ఏ చికిత్స కావాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది.

నిద్ర తగ్గడం, అనుమానం పెరగడం వంటి తొలి గుర్తులను తానే పసిగట్టి చెప్పగలవారికి మాత్ర సరిపోతుంది. మరుపు వల్ల పదేపదే తిరగబెట్టినవారికి, వలస పనిలో ఒంటరిగా ఉండేవారికి, వారు ఒప్పుకుంటే, ఇంజెక్షనే నయం.