బీసెంట్ రోడ్డులో కొన్న చెస్ గడియారం: ఆరు నెలలు వాడాక

ఆరు నెలల క్రితం విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక స్పోర్ట్స్ షాపులో ఇద్దరు ఆటగాళ్ల టైమూ విడివిడిగా లెక్కపెట్టే ఈ డిజిటల్ చెస్ గడియారం 2,400 రూపాయలకు కొన్నాను. అంతకుముందు మా క్లబ్బులో అన్నీ కీ ఇచ్చే గడియారాలే. ఒకటి ముందుకు పరిగెత్తేది, ఇంకొకటి మధ్యలో ఆగిపోయేది. రెండు బంట్లు ఎక్కువున్న ఆటలో టైము అయిపోయి గడియారం జెండా పడి ఓడిపోయిన రోజు రాత్రి నాకు అన్నం సహించలేదు.

దీని విలువ పోయిన నెల గుంటూరు టోర్నమెంటులో తెలిసొచ్చింది. గడియారం ఎవరిది వాళ్లే తెచ్చుకోమన్నారు. మనిషికి 90 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు అదనం. ఎదురుగా అక్కడి క్లబ్బులో ఆడే ప్లీడరు గారు. మూడు గంటలు దాటేసరికి చెరో ఏనుగు మిగిలింది, ఆయనకు అదనంగా ఒక బంటు. నాకు మిగిలిన టైము 12 సెకన్లు.

ఇలాంటి ఆటను డ్రా చేసుకోవడానికి ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ 1777లో చూపించిన పద్ధతే దిక్కు. నా రాజు ఈ8 గడిలో, ఏనుగు ఆరో వరుసలో కాపలా. ఈ5 గడిలో ఉన్న ఆయన బంటు ఈ6కి వచ్చేదాకా ఏనుగు ఆ వరుస వదలకూడదు. వచ్చిన మరుక్షణం ఏ1కి దించి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పోవాలి. ఎంత తెలిసినా టెన్షన్‌లో చెయ్యి వణుకుతుంది. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారికల ఊరు కదా, ఆట ముగించుకున్న పిల్లలంతా వచ్చి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎత్తు వేసి, అదే చేత్తో మీట నొక్కగానే 'టక్'మని చిన్న చప్పుడు, 12 కాస్తా 42. ఆ అంకె చూస్తే ప్రాణం లేచొచ్చేది. 30 సెకన్లు కలిసే ఆటలో చివరిదాకా ఎత్తులు రాయాల్సిందే, ఆయన ఆలోచించే లోపు రాసుకునేవాణ్ణి. నాలుగైదు చెక్‌లయ్యాక ప్లీడరు గారు ఎత్తు వేసి, "డ్రా చేసుకుందామా మాస్టారూ?" అని చెయ్యి చాపారు.

మీట గట్టిది, ఇన్ని ఆటలకూ వదులు కాలేదు. లోపం స్క్రీన్‌ది: ట్యూబులైటు నేరుగా పైనుంటే అంకెలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, కాస్త పక్కకు తిప్పి పెట్టుకోవాలి. సెట్టింగ్ కూడా తికమకే. నేనైతే ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో చీటీ రాసి అడుగున అంటించుకున్నాను. బ్యాటరీలు తీస్తే పెట్టిన టైమంతా చెరిగిపోతుంది, అందుకని టోర్నమెంటుకు ముందురోజు రాత్రే మార్చుకోండి.